కోవిడ్‌లో చెస్ క్లబ్ ఆగకుండా నడపాలంటే: ఆన్‌లైన్ రౌండ్లు, హాలు, ఫోన్ లేని పిల్లలు

ఖమ్మం_64గళ్లు (జూలై 2021)

అందరికీ నమస్కారం. ఖమ్మంలో చిన్న చెస్ క్లబ్ మాది. ఏడేళ్ల నుంచి పదహారేళ్ల దాకా 40 మంది పిల్లలున్నారు. తెలంగాణలో జూన్ 20న లాక్‌డౌన్ ఎత్తేశారు గానీ, సగం మంది తల్లిదండ్రులు పిల్లల్ని పంపడానికి జంకుతున్నారు. మిగతా సగం "ఎప్పుడు తెరుస్తారు సార్" అని రోజూ అడుగుతున్నారు.

వాట్సాప్ గ్రూపులో లింకులు పెట్టి ఆడిస్తుంటే అంతా గందరగోళం. ఎవరు ఎవరితో ఆడారో లెక్క ఉండదు, ఒకడు మూడు గేములు ఆడేలోపు ఇంకొకడు ఖాళీగా కూర్చుంటాడు. నెట్ పోతే గొడవ. పైగా ఇద్దరు పిల్లలు ఉన్నట్టుండి అందర్నీ ఓడించేస్తున్నారు, దాని మీద గుసగుసలు మొదలయ్యాయి.

హాలు 20×30 అడుగులు. ఒక పొడుగు గోడకే కిటికీలు, ఎదురు గోడకు తలుపు. పావులు సగం ప్లాస్టిక్, సగం చెక్క. ఏ సైట్, ఏ టైమ్ కంట్రోల్ (ఒక్కొక్కరికి ఎంత సమయం), నెట్ పోతే ఏం రూలు, హాలు తెరిస్తే ఎంతమందిని కూర్చోబెట్టాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.


రౌండ్_రాబిన్

పైసా ఖర్చు లేకుండా నడపాలంటే లిచెస్ అనే ఉచిత చెస్ సైట్ చాలు. "టీమ్" ఒకటి తెరిచి ఎంట్రీ కోడ్ పెట్టండి. ఆ కోడ్ తల్లిదండ్రులకే ఇవ్వండి, గ్రూపులో పెడితే సాయంత్రానికల్లా ఊరంతా తిరుగుతుంది. చిన్నపిల్లల అకౌంట్లలో కిడ్ మోడ్ ఆన్ చేయించండి. చాట్, మెసేజ్‌లు మూసుకుపోతాయి. మీరు సైట్‌లో పెట్టే ప్రకటన కూడా వాళ్లకు కనబడదు కాబట్టి రౌండు కబుర్లన్నీ వాట్సాప్‌లోనే.

అరీనా మాత్రం పెట్టకండి. అందులో ఒక గేమ్ అవగానే ఇంకో గేమ్ దొరుకుతుంది, ఎక్కువ గేములు ఆడినవాడికి ఎక్కువ పాయింట్లు. ఆలోచించి ఆడే పిల్లాడు అడుగున మిగిలిపోతాడు. ఏడాదిగా క్లబ్బులన్నీ వేగం ఆటగాళ్లను తయారుచేసి పెట్టాయంటే కారణం ఇదే. క్లబ్‌కు కావలసింది స్విస్. అందులో ప్రతి రౌండులో దాదాపు సమాన పాయింట్లున్నవాళ్లకు జత పడుతుంది, ఓడినా ఎవరూ బయటికి పోరు. 2020 నుంచి టీమ్ లీడర్లు లిచెస్‌లో స్విస్ పెట్టుకోవచ్చు. జతలు ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) డచ్ పద్ధతిలో సిస్టమే వేస్తుంది, పాయింట్లు సమానమైతే ర్యాంకు తేల్చే టైబ్రేక్ సానెబార్న్-బెర్గర్.

టైమ్ లెక్క ముందే వేసుకోండి. 10+5 అంటే మొదట 10 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ 5 సెకన్లు అదనం. 60 ఎత్తుల గేమ్‌లో ఒక్కొక్కరికి 10 నిమిషాలు, పైన 300 సెకన్లు, వెరసి 15 నిమిషాలు. ఇద్దరికీ కలిపి అరగంట. ఆఖరి బోర్డు తేలేదాకా తర్వాతి రౌండు మొదలవదు కాబట్టి 5 రౌండ్లకు రెండున్నర గంటలు. 15+10 అయితే అదే లెక్కన రౌండుకు 50 నిమిషాలు, 5 రౌండ్లకు నాలుగు గంటల పైమాటే. పిల్లలు ఒక్క పూటలో అంతసేపు కూర్చోలేరు. అందుకే రౌండ్ల మధ్య విరామం "ఆటోమేటిక్"లో వదలకుండా, రౌండ్లు మీరే మొదలుపెట్టేలా మార్చి, సాయంత్రానికి రెండు రౌండ్ల చొప్పున ఆడించండి. ఆట నేర్చుకోవడానికి 15+10 చాలా మేలు.

40 మందినీ ఒకే టోర్నమెంట్లో పెడితే వందశాతం స్కోరు ఒక్కరికే మిగలాలంటే 6 రౌండ్లు కావాలి. ఇరవై, ఇరవైగా విడగొడితే 5 సరిపోతాయి, కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి రౌండులోనే చితికిపోరు. ఏ గుంపులోనైనా ఎనిమిది మంది కన్నా తగ్గితే స్విస్ మానేయండి, జతలు అయిపోతాయి. బెర్గర్ పట్టిక (ఏ రౌండులో ఎవరు ఎవరితో ఆడాలో చెప్పేది) చూసి రౌండ్ రాబిన్, అంటే ప్రతి ఒక్కరూ అందరితో ఆడే పద్ధతి పెట్టండి. ఆరుగురికైతే మొదటి రౌండు 1-6, 2-5, 3-4. రెండో రౌండు 6-4, 5-3, 1-2. ఛాలెంజ్ లింకులు పంపి ఆడించడమే.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్తాను.

కొత్త అకౌంట్ 1500 రేటింగుతో మొదలవుతుంది, పక్కన ప్రశ్నార్థకం ఉంటుంది, అంటే ఆ రేటింగు ఇంకా ఖాయం కాలేదని. నిన్న అకౌంట్ తెరిచిన ఏడేళ్ల పిల్ల, కష్టపడి 1350కి చేరినవాడి కన్నా పై సీడ్ (జతలు వేసే జాబితాలో పై స్థానం) అయిపోతుంది. మొదటి స్విస్‌కు ముందు వారం ప్రతి ఒక్కరూ కొన్ని రేటెడ్ ర్యాపిడ్ గేములు ఆడి ఆ ప్రశ్నార్థకం పోగొట్టుకోవాలని చెప్పండి. ర్యాపిడ్ అని ఎందుకంటున్నానంటే బ్లిట్జ్ (ఇంకా వేగంగా ఆడేది) రేటింగ్ వేరు, అది మీ టోర్నమెంటుకు లెక్కలోకి రాదు. 10+5, 15+10 రెండూ ర్యాపిడ్ కిందికే వస్తాయి. 20+10 పెడితే క్లాసికల్ అయిపోతుంది.

రౌండుకు రాకపోతే ఆ గేమ్ పోతుంది. అంతటితో ఆగదు, సిస్టమ్ ఆ పిల్లాణ్ణి టోర్నమెంటు నుంచి తప్పిస్తుంది. మళ్లీ "జాయిన్" నొక్కితేనే తర్వాతి రౌండుకు జత పడుతుంది. "మా వాడికి ఆట రాలేదండీ" అనే ఫిర్యాదుల్లో చాలావరకు ఇదే కారణం. సగం రౌండ్లు మొదలయ్యే దాకా ఆలస్యంగా చేరవచ్చు, అలా చేరినవాళ్లకు ఒక్క అరపాయింటు బై (ఆడకుండానే వచ్చే పాయింటు) ఇస్తుంది. 30 ఎత్తుల లోపు డ్రా ఒప్పుకోదు. స్నేహితులు ఎనిమిదో ఎత్తుకే చేతులు కలపకుండా అది మంచి కట్టుబాటే.

ఇంకోటి, ఫోన్ తెర మీద వేలు జారి క్వీన్ పోవడం రోజూ ఉండేదే, టోర్నమెంటు గేముల్లో వెనక్కి తీసుకోవడం కుదరదు. పక్కన మామూలు బోర్డు పెట్టుకుని, ఎత్తు దాని మీద వేసి చూసుకుని, తర్వాత ఫోన్‌లో వేయమనండి. పావు ముట్టుకుంటే ఆడాల్సిందే అన్న అలవాటూ పోదు. దీనికి ఎత్తుకు నాలుగైదు సెకన్లు ఎక్కువ పడుతుంది. 15+10 అనడానికి అదొక కారణం.


నల్లబంటు

నెట్ రూలు గురించి నేను చెప్తాను. మొదటి రౌండుకు ముందే రాసి పెట్టాలి, గొడవయ్యాక రాస్తే ఎవరూ ఒప్పుకోరు. 2020 ఆగస్టులో ఫిడే ఆన్‌లైన్ ఒలింపియాడ్ గుర్తుందిగా. క్వార్టర్ ఫైనల్లో మన నిహాల్ సరీన్‌తో ఆడుతున్న ఆర్మేనియా ఆటగాడు మార్తిరోస్యాన్ కనెక్షన్ పోయింది, గేమ్ పోయింది. ఆర్మేనియా అప్పీలు చేస్తే కొట్టేశారు, వాళ్లు రెండో రౌండు ఆడకుండా తప్పుకున్నారు. రెండ్రోజుల తర్వాత, ఆగస్టు 30న ఫైనల్లో మన నిహాల్, దివ్యా దేశ్‌ముఖ్‌ల కనెక్షన్లు పోయి టైమ్ మీద ఓడారు. ఈసారి సెంచురీలింక్ అనే పెద్ద నెట్ సంస్థలో లోపం వచ్చి, క్లౌడ్‌ఫ్లేర్ సేవలూ దెబ్బతిని ప్రపంచంలో చాలాచోట్ల నెట్ పడిపోయింది. భారత్, రష్యా రెండింటికీ స్వర్ణం ఇచ్చేశారు.

ఈ రెండు సంఘటనల్లోనే మీ రూలు ఉంది. ఒక్కరి నెట్ పోతే గడియారం ఆగదు, గేమ్ పోతే పోయినట్టే. సర్వర్ పడిపోయినా, ఊరంతా కరెంటు పోయినా రౌండు రద్దు చేసి మళ్లీ ఆడించాలి. "ఊరంతా" అంటే ఏమిటో కూడా రాయండి. ఉదాహరణకు, ఒకే రౌండులో నాలుగు బోర్డుల మీద పది నిమిషాల్లోపు కనెక్షన్లు పోతే అని. సగంలో ఆగిన గేమును అదే పొజిషన్ నుంచి కొనసాగించకండి. అప్పటికి ఎవరో ఒకరు ఇంజిన్ (మంచి ఎత్తు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్) పెట్టి చూసేసి ఉంటారు.

గేముకు ముందు చేయించాల్సినవి: ఫోన్ వంద శాతం ఛార్జింగు, బ్యాటరీ సేవర్ ఆఫ్, డు నాట్ డిస్టర్బ్ ఆన్, వైఫై ఉంటే మొబైల్ డేటా సిద్ధంగా. సాయంత్రం ఏడింటికి కరెంటు పోతే రౌటర్ పోతుంది, డేటాకు మారడానికి ఇరవై సెకన్లు చాలు. మారడం తెలియక అమ్మను పిలిచేలోపు నాలుగు నిమిషాలు పోతాయి. ఒకసారి ఆ మార్పిడి పిల్లల చేత చేయించి చూడండి.

ఇక ఆ ఇద్దరు పిల్లల సంగతి. గ్రూపులో ఒక్క మాట అనకండి. ఒక గేము చూసి తేల్చకండి కూడా. ఓపెనింగ్ ట్రాపులో 14 ఎత్తులకు అయిపోయిన గేములో సగటు సెంటీపాన్ లాస్ (ఎత్తుకు సగటున ఎంత నష్టపోయారో చెప్పే అంకె, తక్కువైతే మంచి ఆట) 10 లోపు రావడం మామూలే, అది రుజువు కాదు. ఆరేడు పొడుగాటి గేములు తీసి, ఎత్తు ఎత్తుకూ పట్టిన సమయం చూడండి. లిచెస్ విశ్లేషణ కింద మూవ్ టైమ్స్ గ్రాఫ్ ఉంటుంది. మనిషి ఆడితే అది గుట్టల్లా ఉంటుంది. పావును తిరిగి కొట్టాల్సిన చోట ఒక సెకను, చిక్కుముడి దగ్గర రెండు నిమిషాలు. తిరిగి కొట్టడానికీ ఏడు సెకన్లే, క్వీన్ త్యాగానికీ ఏడు సెకన్లే అయితే అనుమానించాలి.

అప్పుడూ నింద వేయొద్దు. ఆ పిల్లాణ్ణి పిలిచి తన గేమే బోర్డు మీద పెట్టి "ఇక్కడ రూక్ ఎందుకు జరిపావు నాన్నా" అని అడగండి. సొంతంగా ఆడినవాడు తప్పో ఒప్పో ఏదో ఒక ఆలోచన చెప్తాడు. ఇంజిన్ చెప్పింది ఆడినవాడు మౌనంగా ఉంటాడు. చిన్న వయసువాళ్లలో ఇంజిన్ కన్నా ఎక్కువగా జరిగేది వెనక నిలబడ్డ నాన్నో అన్నో ఎత్తు చెప్పడం. అది గ్రాఫులో అంత తేలిగ్గా దొరకదు.

పై రెండు బోర్డులకు (ఎక్కువ పాయింట్లున్నవాళ్లు ఆడేవి) కెమెరా పెట్టండి. ముఖం చూపించే కెమెరా దేనికీ పనికిరాదు. పక్కనుంచి, కాస్త వెనకగా పెట్టాలి. తెర, రెండు చేతులు కనబడాలి, మైకు ఆన్‌లో ఉండాలి. నగదు బహుమతులు తీసేయండి, సగం బెడద అక్కడే తీరుతుంది.


రౌండ్_రాబిన్

కెమెరా విషయంలో నాది వేరే అభిప్రాయం. ఇది క్లబ్బు, నేషనల్స్ కాదు. రెండో ఫోన్ ఉన్న ఇళ్లు ఎన్ని? ఉన్నవాళ్లకే పై బోర్డులు అన్నట్టు అవుతుంది. వాడి గేమ్ వాడి చేత చెప్పించడం ఒక్కటే అందరికీ పెట్టండి, ప్రతి వారం ఇద్దరి వంతు. పాఠం కూడా అదే అవుతుంది.


ఖమ్మం_64గళ్లు

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. రెండు చిక్కులు మిగిలాయి. ఆరుగురి ఇళ్లలో కీప్యాడ్ ఫోనే. ఇంకో నాలుగు ఇళ్లలో అన్నదమ్ములిద్దరికీ ఒకే స్మార్ట్‌ఫోన్. వీళ్లను వదిలేయడం ఇష్టం లేదు. హాలు గురించి కూడా ఎవరైనా చెప్పండి.


పోస్టుకార్డు

అన్నదమ్ములది తేలిక. ఒకణ్ణి నాలుగింటి గుంపులో, ఇంకొకణ్ణి ఆరింటి గుంపులో వేయండి.

కీప్యాడ్ ఫోన్ పిల్లలకు పాత ఉత్తరాల చదరంగం పద్ధతి పనికొస్తుంది. ఫోన్‌లో ఎత్తులు చెప్పుకుంటే వచ్చే పెద్ద తంటా అక్షరాలు. బి, సి, డి, ఇ, జి అన్నీ ఒకేలా వినబడతాయి. "డి4 అన్నాను", "నాకు బి4 వినబడింది" అని పేచీ. అంతర్జాతీయ కరస్పాండెన్స్ చెస్ వాళ్లు ఎప్పటినుంచో అంకెలు వాడుతున్నారు. ఎ నుంచి హెచ్ దాకా నిలువు వరుసలకు 1 నుంచి 8. బయల్దేరిన గడి, చేరిన గడి కలిపి నాలుగంకెలు. e2 నుంచి e4కు బంటు జరిపితే 5254. నల్లవాళ్లు e5 వేస్తే 5755. గుర్రం f3కు వస్తే 7163. క్యాస్లింగుకు (రాజు, రూక్ ఒకే ఎత్తులో కదలడం) రాజు కదలిక ఒక్కటే చెప్పాలి: తెల్లవాళ్లు చిన్న వైపు చేస్తే 5171, నల్లవాళ్లయితే 5878. బంటు ఆఖరి గడికి చేరితే ఐదో అంకె వస్తుంది. క్వీన్‌కు 1, రూక్‌కు 2, బిషప్‌కు 3, నైట్‌కు 4. అంటే e7 బంటు e8కి వెళ్లి క్వీన్ అయితే 57581. అరగంటలో పిల్లలకు వచ్చేస్తుంది, పెద్దలకే కాస్త టైమ్ పడుతుంది.

ఎస్ఎంఎస్‌లో పంపేటప్పుడు ఎత్తు నంబరు, అవతలివాళ్ల చివరి ఎత్తు, తన ఎత్తు, ఈ మూడూ ఉండాలి. "2. 5755 7163" అని. అవతలివాళ్ల ఎత్తు తిరిగి రాయడం వల్ల రెండు బోర్డులూ ఒకేలా ఉన్నాయో లేదో అప్పటికప్పుడే తెలుస్తుంది. అది వదిలేస్తే పదో ఎత్తు దగ్గర పొజిషన్లు వేరైపోయి గేమ్ పాడవుతుంది. ఎత్తుకు మూడు రోజులిస్తే 40 ఎత్తుల గేము ఎనిమిది నెలలు లాగొచ్చు. పిల్లలకు ఎత్తుకు ఒక రోజు పెట్టండి, ఒక్కొక్కరికి రెండు గేములు ఒకేసారి నడపండి.

స్విస్‌లోనే ఆడించాలనుకుంటే ఇంకో దారి ఉంది. ఒక్కో పిల్లాడికి ఒక వాలంటీరు కావాలి. పిల్లాడు ఇంట్లో బోర్డు ముందు కీప్యాడ్ ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని కూర్చుంటాడు. వాలంటీరు ఆ పిల్లాడి పేరు మీదున్న అకౌంట్‌లో, చెప్పిన అంకెలు తిరిగి చదివి, ఎత్తు వేస్తాడు. సొంత ఆలోచన కలపకూడదు, "అది చూసుకున్నావా" అని అడగకూడదు, నిట్టూర్చకూడదు కూడా. అటూ ఇటూ చెప్పుకోవడానికి ఎత్తుకు ఎనిమిది పది సెకన్లు పడుతుంది, 15+10లో ఎత్తుకు అదనంగా వచ్చే 10 సెకన్ల ఇంక్రిమెంటు దాన్ని మింగేస్తుంది. 10+5లో ఈ పద్ధతి పనిచేయదు.


కిటికీ_పక్క_బోర్డు

హాలు సంగతి. 600 చదరపు అడుగులకు ఆరు బల్లలు, పన్నెండు మంది. అంతకు మించి వద్దు. రెండున్నర అడుగుల బల్ల, అటూ ఇటూ ఇద్దరు కూర్చుంటే ఏడడుగుల చోటు. 20 అడుగుల వెడల్పులో రెండు వరుసలు వేస్తే మధ్యలో ఆరడుగులు మిగులుతాయి. 30 అడుగుల పొడుగులో వరుసకు మూడు బల్లలు, మధ్య ఆరేసి అడుగులు.

కానీ అసలు ఇబ్బంది బల్లల మధ్య కాదు, బోర్డుకు అటూ ఇటూ. ఎదురెదురు ముఖాల మధ్య మూడడుగులు కూడా ఉండవు, గేము గంటసేపు. అందుకే మాస్కు ముక్కు మీదే ఉండాలి, గేమ్ మధ్యలో తిండి లేదు. మీ గదికి ఒక అదృష్టం ఉంది, కిటికీల ఎదురుగా తలుపు. కిటికీలో ఒక పెడెస్టల్ ఫ్యాన్ బయటికి ఊదేలా తిప్పి పెట్టి, తలుపు బార్లా తీయండి. గాలి తలుపు నుంచి వచ్చి కిటికీలోంచి పోతుంది. సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే తిప్పితే గదిలో ఉన్న గాలే గదిలో తిరుగుతుంది. స్ప్లిట్ ఏసీ కూడా అంతే, కిటికీలు మూయించేస్తుంది కాబట్టి ఇంకా చేటు.

వీలైతే కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి కొనండి, వదిలిన ఊపిరి గదిలో ఎంత పేరుకుందో దాంతో తెలుస్తుంది. బయట 400 పీపీఎం (పది లక్షల్లో భాగాలు) పైచిలుకు చూపిస్తుంది. గదిలో 800 దాటితే పిల్లల్ని పది నిమిషాలు బయటికి పంపండి. కొనేటప్పుడు ఎన్‌డీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో కొలిచే) సెన్సర్ ఉందో లేదో చూడండి. చవకవాటిలో కొన్ని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవనే కొలవవు, వేరే ఆవిర్లను బట్టి ఊహించి అంకె చూపిస్తాయి. పరీక్ష తేలిక: పక్కన చేతికి శానిటైజర్ రాసుకోండి, అంకె ఎగిరి గంతేస్తే అది మీకు పనికిరాదు.

పావులు తుడవడం గురించి అందరూ అతిగా భయపడుతున్నారు. వస్తువుల్ని తాకడం వల్ల అంటుకునే అవకాశం 10,000లో ఒకటి కన్నా తక్కువని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్లోనే చెప్పింది. గేముకు ముందు, తర్వాత చేతులకు శానిటైజర్ చాలు. మిగిలిన ఓపిక కిటికీల మీద పెట్టండి. తల్లిదండ్రుల తృప్తి కోసం కడగాలంటే, అడుగున ఫెల్ట్ లేని ప్లాస్టిక్ పావుల్ని కూరగాయల నెట్ సంచిలో వేసి సబ్బునీళ్ల బకెట్లో ముంచి, నీడన ఆరబెట్టండి. ఫెల్ట్ ఉన్నవి ముంచితే జిగురు ఊడుతుంది, తడిగుడ్డతో తుడవాలి. చెక్క పావులకు శానిటైజర్ తగలనివ్వకండి, పాలిష్ తెల్లబారి జిడ్డు పట్టినట్టు అవుతుంది. వాటిని ఒక బ్యాచ్ వాడాక మూడు రోజులు పక్కన పెట్టి, ఆలోపు ప్లాస్టిక్‌వి వాడండి. గడియారాల మీద స్ప్రే కొట్టొద్దు, బటన్ల సందుల్లోంచి లోపలికి దిగుతుంది.

బ్యాచ్ గంటన్నర. బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య అరగంట గది ఖాళీగా, ఫ్యాన్ తిరుగుతూ ఉండాలి. పేరు, ఫోన్, ఏ బల్ల, ఎవరితో ఆడారు, ఇవి రిజిస్టరులో రాయండి. ఎవరికైనా జ్వరమొస్తే అందరికీ కాకుండా ఫోన్ చేయాల్సిన ఇళ్లకే చేయవచ్చు. కోచ్‌లు, వాలంటీర్లు టీకా వేయించుకున్నాకే లోపలికి.

డాబా మీద పెడితే ఇంకా మంచిది, వర్షం లేని రోజుల్లో. బరువు పావులే వాడండి, బోలు ప్లాస్టిక్‌వి గాలికి పడిపోతాయి. రోల్ బోర్డు నాలుగు మూలలకూ బైండర్ క్లిప్పులు పెట్టండి. లైటు నేరుగా బల్ల మీద వేలాడదీస్తే ఈ కాలంలో పురుగులు బోర్డంతా నిండుతాయి, ఐదారడుగులు పక్కకు పెట్టండి.


సైలెంట్_మూవ్

పాఠాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఒక మాట. వీడియో కాల్ పెట్టి కెమెరా ముందు బోర్డు చూపిస్తే గంటకు ఒక జీబీ దాకా లాగేస్తుంది. రోజుకు జీబీన్నర ప్యాకుల్లో పొద్దున బడి క్లాసులకే అది అయిపోతోంది, మీ క్లాసు సగంలో పిల్లలు మాయమవడానికి కారణం చాలావరకు ఇదే. లిచెస్ స్టడీ (అందరూ ఒకే బోర్డు చూస్తూ నేర్చుకునే పేజీ) వాడండి. ఎత్తులు మాత్రమే వెళ్తాయి, డేటా దాదాపు ఖర్చవదు. మాట కోసం ఆడియో కాల్ చాలు. ఒక స్టడీలో 64 ఛాప్టర్లు పడతాయి. పిల్లల్ని సభ్యులుగా చేర్చండి గానీ ఎత్తులు మార్చే హక్కు అందరికీ ఇవ్వకండి, ఒకడు ఆడుకుంటూ మీ లైనంతా చెరిపేస్తాడు. సింక్ ఆన్‌లో ఉంటే మీరు వేసిన ఎత్తు అందరి తెర మీదా కదులుతుంది. పజిల్ ఇచ్చేటప్పుడు ఛాప్టరును ఇంటరాక్టివ్ లెసన్‌గా మార్చండి, లేకపోతే జవాబు కింద కనబడుతూనే ఉంటుంది.

రేటింగు గురించి తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు. ఈ ఆన్‌లైన్ గేములు ఫిడే స్టాండర్డ్ రేటింగుకు లెక్కలోకి రావు, లిచెస్ అంకె సాధారణంగా ఫిడే అంకె కన్నా ఎక్కువగానే ఉంటుంది. ఈ రెండు ముక్కలూ ఫీజు తీసుకునే ముందే చెప్పేయండి. లేకపోతే లిచెస్‌లో 1700 ఉన్న పిల్లాణ్ణి టోర్నమెంట్లు మొదలవగానే "ఫిడేలో ఇంకా 1700 రాలేదేం" అని నిలదీస్తారు.